మంచు రోడ్ల మీద టూ వీల్ డ్రైవ్ పికప్: ఇసుక బస్తాలు ముందా, వింటర్ టైర్లు ముందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికాలో టెక్సస్‌లోని డాలస్ నుంచి మిన్నెసోటాలోని డులూత్‌కి మారారు. వెనక చక్రాలకు మాత్రమే పవర్ వెళ్లే ఫుల్ సైజ్ పికప్ వెంట తెచ్చుకున్నారు. మొదటి స్నో పడగానే ఇంటి దగ్గరి ఎత్తు రోడ్డు ఎక్కలేక వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. పక్కింటాయన టెయిల్‌గేట్ (బండి చివరి తలుపు) దగ్గర నాలుగైదు ఇసుక బస్తాలు వేసుకోమన్నారు, టైర్ల షాపులో నాలుగు వింటర్ టైర్లు కొనమన్నారు. రెండూ ఒకేసారి కొనే వీలు లేదు, మీ ఆవిడ కూడా అదే బండి నడుపుతారు, ఏది ముందు చేయాలి అని అడిగారు.

టైర్లు ముందు. నాలుగూ ఒకేసారి. బస్తాల ఖర్చు తక్కువే కాబట్టి అవి కూడా వేసుకోండి, కానీ టెయిల్‌గేట్ దగ్గర వద్దు. నేను ఇక్కడ కన్‌స్ట్రక్షన్ సైట్ల మధ్య చలికాలమంతా పికప్ మీదే తిరుగుతాను. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది బస్తాలు వేసి, బండి ఎత్తు ఎక్కింది కదా అని ధైర్యం తెచ్చుకుంటారు. బండి కదలడం, బండి ఆగడం వేర్వేరు విషయాలని వాళ్లకు ఎవరూ చెప్పరు. నాకు దిగులు కలిగించేది అదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా పికప్ ఎందుకు జారుతుందో చూడండి. ఇంజిన్, గేర్‌బాక్స్, క్యాబిన్ అన్నీ ముందు వైపే ఉంటాయి. వెనక ఖాళీ బెడ్ (సామాను వేసే తొట్టి) తప్ప పెద్ద బరువేమీ లేదు. ఖాళీ పికప్‌లో మొత్తం బరువులో వెనక చక్రాల మీద పడేది సాధారణంగా 40 నుంచి 45 శాతమే. మీ బండిలో తోసే పని చేసేవి ఆ వెనక చక్రాలే. టైరుకు రోడ్డు మీద దొరికే పట్టు రెండింటి మీద ఆధారపడుతుంది: దాని మీద పడే బరువు, రబ్బరుకీ రోడ్డుకీ మధ్య ఉండే రాపిడి. పొడి తారు రోడ్డు మీద ఆ రాపిడి గుణకం 0.7, 0.8 దాకా ఉంటుంది. అణిగి గట్టిపడిన స్నో మీద 0.2, 0.3 మధ్యకు పడిపోతుంది. ఐస్ మీద 0.1, ఒక్కోసారి ఇంకా తక్కువ.

దీనికి తోడు డిఫరెన్షియల్ ఒకటి ఉంది, అంటే ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ రెండు వెనక చక్రాలకూ సమానమైన టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఒక చక్రం ఐస్ మీద ఉంటే అది భరించగలిగే కాస్త టార్కే రెండో చక్రానికీ అందుతుంది. అందుకే ఒక చక్రం గిరగిరా తిరుగుతుంటే, శుభ్రమైన తారు మీద ఉన్న రెండోది కదలకుండా నిలబడుతుంది. బండిని బయటికి లాగాలని ఆక్సిలరేటర్ ఇంకా తొక్కితే కింద స్నో కరిగి, మళ్లీ గడ్డకట్టి నున్నగా అద్దంలా తయారవుతుంది.

ఇప్పుడు బరువు సంగతి. లెక్క వేసి చూడండి. బండి బరువు 4,500 పౌండ్లు, అందులో 42 శాతం వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద ఉందనుకుందాం. అంటే 1,890 పౌండ్లు. సరిగ్గా యాక్సిల్ పైన 300 పౌండ్ల ఇసుక వేశారు. ఇప్పుడు వెనక 2,190, మొత్తం 4,800. వెనక వాటా 42 నుంచి దాదాపు 45.6 శాతానికి పెరిగింది. తోసే చక్రాల పట్టు పెరిగింది నిజమే, కానీ అవి తోయాల్సిన బండి కూడా ఆ మేరకు బరువెక్కింది. తేడాలు పోను మీకు మిగిలే లాభం తొమ్మిది శాతం లోపు.

అదే 300 పౌండ్లు వేయకుండా టైర్లు మార్చారనుకోండి. రాపిడి గుణకం 0.2 నుంచి 0.25కి పెరిగినా లాభం 25 శాతం. మీ ఇంటి ఎత్తుకు ఈ లెక్క పెడితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రాపిడి గుణకం 0.2 ఉన్న స్నో మీద ఖాళీ బండి ఎక్కగలిగేది ఉజ్జాయింపుగా 8.4 శాతం వాలు, అంటే వంద అడుగులు ముందుకు పోయేసరికి ఎనిమిది అడుగుల చిల్లర పైకి లేచే రోడ్డు. బస్తాలు వేస్తే 9.1 శాతం. టైర్లు మారిస్తే 10.5. రెండూ చేస్తే 11.4. లేక్ సుపీరియర్ ఒడ్డు నుంచి పైకి లేచే డులూత్ వీధుల్లో దీనికి మించిన వాలులు చాలానే ఉన్నాయి. అలాంటి వీధుల్లో స్నో తోసేసి (ప్లౌ చేసి) ఇసుక చల్లేదాకా వాటి జోలికి పోకుండా చుట్టుదారిలో వెళ్లడమే మంచిది.

ఇక ఆగడం. ఇది అన్నిటికంటే ముఖ్యం. గంటకు 30 మైళ్ల వేగంలో, 0.2 రాపిడి ఉన్న స్నో మీద బండి ఆగడానికి దాదాపు 150 అడుగులు పడుతుంది. బ్రేక్ మీద కాలు పెట్టాక పట్టే దూరం ఇది, మీరు చూసి స్పందించే సమయం ఇందులో లేదు. బెడ్‌లో 300 పౌండ్లు వేసినా ఈ 150 అడుగులు తగ్గవు. బరువు వల్ల పట్టు ఎంత పెరుగుతుందో, ఆపాల్సిన బరువూ అంతే పెరుగుతుంది కాబట్టి రెండూ కొట్టేసుకుంటాయి. టైర్ల వల్ల రాపిడి 0.25 అయితే 120 అడుగుల్లో ఆగుతుంది. ఆ 30 అడుగుల తేడా మీ పికప్ పొడవు కంటే ఎక్కువ. మలుపుల్లోనూ ఇంతే, బరువు వేస్తే మలుపు తిరిగే శక్తి పెరగదు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి. కదలడానికి నాలుగు చక్రాలు తోస్తాయి, కానీ ఆగేటప్పుడు ఏ బండికైనా నాలుగు చక్రాలకీ బ్రేకులున్నాయి. వాళ్లకు ఆగడంలో అదనపు లాభమేమీ లేదు.

మన ఊళ్లలో ట్రాక్టర్ ఉన్నవాళ్లకు ఈ రెండు పద్ధతులూ తెలిసినవే. జారకుండా ఉండటానికి వెనక టైర్లలో నీళ్లు నింపుతారు. వరి మడిలో దమ్ముకు దిగేటప్పుడు మాత్రం ఇనుప దమ్ము చక్రాలు బిగిస్తారు, ఎందుకంటే ఆ బురదలో బరువు ఒక్కటే సరిపోదు, పట్టుకునే చక్రం కావాలి.

మరి బస్తాలు దండగా అంటే కాదు. టూ వీల్ డ్రైవ్ పికప్‌కి సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు, మలుపు తిరుగుతూ కొంచెం గ్యాస్ ఇచ్చినప్పుడు (ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు) వెనక భాగం పక్కకు జారడం బస్తాలతో బాగా తగ్గుతుంది. బండి నడక కూడా కుదురుగా ఉంటుంది, వెనక ఎగిరెగిరి పడదు. చలికాలం ముందు ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో ట్యూబ్ శాండ్ అని పొడవాటి ఇసుక సంచులు అమ్ముతారు. ఎక్కువగా 60 పౌండ్లవి దొరుకుతాయి. ఐదు చాలు. పొడి ఇసుక ఉన్నవే తీసుకోండి. షాపు బయట వానలో, స్నోలో పడున్నవి తెస్తే లోపల తడి గడ్డకట్టి రాళ్లలా అయిపోతాయి. బండి ఇరుక్కున్నప్పుడు ఒక సంచి కోసి చక్రాల కింద చల్లుదామంటే ఇసుక బయటికి రాదు.

ఎక్కడ పెట్టాలి? బెడ్‌లో రెండు పక్కలా చక్రాల కోసం ఉబ్బెత్తుగా ఉండే వీల్ వెల్స్ ఉంటాయి కదా, వాటి మధ్య. అది సరిగ్గా యాక్సిల్ పైన వస్తుంది. కొంచెం ముందుకు జరిగినా ఫరవాలేదు, వెనక్కి మాత్రం వద్దు. టెయిల్‌గేట్ దగ్గర పెడితే వెనక చక్రాల మీద బరువు ఇంకా పెరుగుతుంది కదా అని మీ పక్కింటాయన అనుకుని ఉంటారు. అది నిజమే. కానీ ఆ పెరిగేది ముందు చక్రాల మీద నుంచి తీసుకున్నదే. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 145 అంగుళాలున్న బండిలో 300 పౌండ్లు యాక్సిల్‌కి 30 అంగుళాలు వెనక పెడితే ముందు చక్రాల మీద 60 పౌండ్ల పైన తగ్గిపోతుంది. స్టీరింగ్ తిప్పేవి ఆ ముందు చక్రాలే. బ్రేకింగ్‌లో ఎక్కువ భాగం చేసేవీ అవే. పైగా ఒకసారి వెనక జారడం మొదలైతే, చివర్న ఉన్న బరువు దాన్ని ఇంకా బయటికి ఈడ్చుకుపోతుంది.

పెట్టిన బస్తాలు కదలకూడదు. చాలా పికప్‌ల బెడ్ గోడల్లో టూ బై ఫోర్ అనే కొలత చెక్కలు నిలబెట్టడానికి గాడులుంటాయి. వీల్ వెల్స్‌కి ముందొకటి, వెనకొకటి అడ్డంగా చెక్క దింపి, ఆ రెంటి మధ్య బస్తాలు పరిచి, బెడ్ కొక్కేలకు రాట్చెట్ పట్టీలతో బిగించండి. గాడులు లేకపోతే నాలుగు చెక్కలతో ఒక చట్రం కొట్టుకోవచ్చు, గంట పని. దీన్ని వదిలేయకండి. సిమెంట్ దిమ్మెలు, పాత ఇంజిన్ ముక్కలు, డంబెల్ ప్లేట్లు బెడ్‌లో పడేసి తిరిగేవాళ్లను చూస్తుంటాను. బండి దేనికైనా గుద్దుకుని ఒక్కసారిగా ఆగితే ఆ దిమ్మె ఆగదు. వెనక అద్దం పగలగొట్టుకుని మీ తల మీదికి వస్తుంది. ఇసుక సంచి కనీసం పగిలి చెల్లాచెదురవుతుంది. నా మాట వినండి, గట్టి వస్తువులు వద్దే వద్దు. బెడ్‌లో పడిన స్నోని బరువు కోసమని అలాగే వదిలేసే అలవాటు కూడా కొందరికి ఉంది. అది ఎంత బరువుందో తెలియదు, పట్టీ వేసి కట్టలేరు, ఒక ఎండ రోజు కరిగి రాత్రికి బెడ్ నిండా ఐస్ పలక అవుతుంది.

ఎంత బరువు వేయొచ్చో డ్రైవర్ డోర్ తెరిస్తే అక్కడి స్టిక్కర్ మీద ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని పౌండ్లలో రాసి ఉంటుంది. నలుగురు ఎక్కి, ట్రైలర్ కూడా తగిలిస్తే మిగిలేది మీరనుకున్నంత ఉండదు. 300 పౌండ్లు చాలన్నది అందుకే. 600, 800 వేస్తే కదలడంలో కొంచెం లాభం పెరుగుతుంది కానీ పెట్రోలు, సస్పెన్షన్, బ్రేకుల మీద భారం పడుతుంది.

టైర్ల విషయంలో ఎక్కువ గందరగోళం ఉంది. మీ బండి మీద ఇప్పుడున్నవి ఆల్ సీజన్ టైర్లు అయి ఉంటాయి. టెక్సస్‌కి అవి చాలు. ఉష్ణోగ్రత 45 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 7 సెల్సియస్ కిందికి పోయేకొద్దీ వాటి రబ్బరు గట్టిపడుతుంది. వింటర్ టైర్ల రబ్బరు ఇక్కడి మైనస్ చలిలో కూడా మెత్తగా ఉండేలా తయారవుతుంది. వాటి మీద సైప్స్ అని వందల కొద్దీ సన్నటి చీలికలుంటాయి. ఆ చీలికల అంచులే ఐస్‌ను గీరుతూ పట్టుకుంటాయి. ఈ రకం టైర్లు మొదట పుట్టింది లారీల కోసమే. ఈనాటి నోకియన్‌కి మూలమైన ఫిన్లాండ్ కంపెనీ 1934లో తెచ్చిన మొదటి వింటర్ టైరు ట్రక్కులకు చేసినదే. 1936లో కార్లకు హక్కపెలిట్టా వచ్చింది, ఆ పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు.

కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద గుర్తు చూడండి. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు ఉండాలి. ఎం ప్లస్ ఎస్ (బురద, స్నో) అని అక్షరాలు మాత్రమే ఉంటే అది ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) గాడుల ఆకారాన్ని బట్టి వేసుకున్నది, చలిలో పరీక్షించినట్టు కాదు. కొండ గుర్తుకు కూడా ఒక పరిమితి ఉంది. ఆ పరీక్షలో చూసేది అణిగిన స్నో మీద టైరు ఎంత బాగా ముందుకు లాగుతుందన్నదే. ఐస్ మీద బ్రేక్, మలుపు అందులో లేవు. అందుకే కొండ గుర్తున్న ఆల్ టెరైన్ టైరుకీ, బ్లిజాక్, ఎక్స్ ఐస్, హక్కపెలిట్టా లాంటి అసలైన వింటర్ టైరుకీ ఐస్ మీద చాలా తేడా ఉంటుంది. మీరు ఊళ్లో పాలిష్ పట్టినట్టున్న కూడళ్ల మధ్య ఎక్కువ తిరుగుతారు కాబట్టి వింటర్ టైరే తీసుకోండి. సంవత్సరమంతా ఒకే సెట్టుతో గడపాలంటే కొండ గుర్తున్న ఆల్ వెదర్ రకం రెండో మెట్టు.

పెద్ద పెద్ద దిమ్మెలతో మొరటుగా కనిపించే మడ్ టైర్లు చూసి స్నోలో ఇవే బాగా పనిచేస్తాయని అనుకోకండి. లోతైన మెత్తటి స్నోలో కొంచెం తవ్వుకుపోతాయి, నిజమే. ఐస్ మీద మాత్రం ఆ పెద్ద దిమ్మెలకు పట్టుకునే అంచులు తక్కువ, రబ్బరు గట్టి. అలాగే భారీ లోడ్ల కోసం చేసిన టెన్ ప్లై ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు ఖాళీగా తిరిగే బండికి అనవసరం. పక్క గోడలు బిరుసుగా ఉంటాయి, గాలి కూడా ఎక్కువ పట్టాలి.

సైజు డోర్ స్టిక్కర్ మీద ఉన్నదే వేయండి. వెడల్పాటివి వద్దు, సన్నటి టైరు స్నోని చీల్చుకుని కిందికి దిగుతుంది, వెడల్పుది పైన తేలుతుంది. 265/70 ఆర్ 17 బదులు 245/75 ఆర్ 17 వేసుకునేవాళ్లున్నారు, రెండింటి ఎత్తూ దాదాపు ఒకటే. అలా మార్చేటప్పుడు లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును సూచించే అంకె) స్టిక్కర్ మీది టైరు కంటే తగ్గకుండా చూసుకోవాలి.

డబ్బు సరిపోక వెనక రెండే వింటర్ టైర్లు వేద్దామని ఆలోచన వస్తుంది. వద్దు. వెనక బాగా పట్టి, ముందు జారితే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది, పైగా బ్రేక్ కొట్టినప్పుడు ఎక్కువ పని ముందువాటిదే. పికప్ సైజులో మంచి కంపెనీవి నాలుగు వెయ్యి డాలర్ల చుట్టూ అవుతాయి. కష్టమైతే రెండో రకం కంపెనీ వింటర్ టైర్లు నాలుగు కొనండి, గొప్ప కంపెనీవి రెండు కొనేకంటే అది నయం. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగంకెలు చదవండి. 3522 అంటే 2022లో 35వ వారం తయారైందని. ట్రెడ్ లోతు కొలిపించండి. చట్టం 2/32 అంగుళం దాకా ఒప్పుకున్నా స్నోకి 5/32 కంటే తగ్గింది కొనకూడదు. వీలైతే పాత స్టీలు రిమ్ములు నాలుగు సంపాదించి వింటర్ టైర్లు వాటికే వేయించండి. ఏటా రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించే ఖర్చు మిగులుతుంది, ఇంటి దగ్గర మీరే మార్చుకోవచ్చు. రెండు సెట్లు వంతులవారీగా అరుగుతాయి కాబట్టి పెట్టిన డబ్బులో కొంత తిరిగి వచ్చినట్టే.

మేకులున్న స్టడెడ్ టైర్లు ఎవరైనా సలహా ఇస్తే, మిన్నెసోటాలో ఉండేవాళ్లు ఇక్కడి రోడ్ల మీద వాటిని వాడకూడదు. టైర్లకు చుట్టే చెయిన్లు మీ రోజువారీ తిరుగుడుకు అవసరం లేదు. కొలరాడో లాంటి కొండ రాష్ట్రాలకు రోడ్డు మీద వెళితే మాత్రం అక్కడి చెయిన్ల రూల్స్ ముందే చూసుకుని వెళ్లండి.

గాలి సంగతి చిన్నదే కానీ అందరూ మరిచిపోతారు. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారన్‌హీట్ పడితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. గ్యారేజీలో 50 డిగ్రీల దగ్గర నింపిన టైరు బయట సున్నా డిగ్రీల్లో ఐదు తక్కువ చూపిస్తుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూసి స్టిక్కర్ మీది అంకెకు నింపండి. స్నోలో పట్టు కోసం గాలి తీసేయమని చెప్పేవాళ్ల మాట రోడ్డు మీద పనికిరాదు.

నడిపే తీరులో మూడు విషయాలు మీ ఆవిడకు కూడా చెప్పండి. ఎత్తు ఎక్కేటప్పుడు కిందే కొంచెం ఊపు తెచ్చుకుని, మధ్యలో గ్యాస్ పెంచకుండా ఒకే తీరుగా పోవాలి. దిగేటప్పుడు హఠాత్తుగా కింది గేరుకు మార్చకండి, వెనక చక్రాల బండిలో అలా చేస్తే ఆ చక్రాలే తటాలున నెమ్మదించి తోక పక్కకు తిరుగుతుంది. ఇక 30 డిగ్రీల ఫారన్‌హీట్ చుట్టుపక్కల ఉన్న రోజులను ఎక్కువ అనుమానించండి. మైనస్ ఇరవైలో ఐస్ పొడిగా ఉండి కాస్త పట్టు ఇస్తుంది. కరిగే అంచున ఉన్న ఐస్ మీద పల్చటి నీటి పొర ఏర్పడుతుంది, అదే అన్నిటికన్నా జారుడు. వంతెనలు మిగతా రోడ్డు కంటే ముందు గడ్డకడతాయి.

క్యాబిన్‌లో ఒక పార, దుప్పటి, పొడి ఇసుక లేదా ముద్దకట్టని మట్టి రకం క్యాట్ లిట్టర్ (పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం పరిచే గుళికలు) ఉంచండి. ఇరుక్కున్నప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే పవర్ తగ్గించే ఏర్పాటు) ఆపి, చక్రాల ముందు వెనక పారతో తీసి, ఇసుక చల్లి, మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపండి. స్నోలో ఆగిపోయి ఇంజిన్ ఆన్‌లో ఉంచుకుని కూర్చోవాల్సి వస్తే ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ ఉన్న స్నో తీసేయండి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి. పిల్లలు బండిలో ఉంటే ఈ ఒక్క పని అస్సలు మరవకండి.

ఇప్పుడు డులూత్‌లో టైర్ల షాపులన్నీ రద్దీగా ఉంటాయి, అపాయింట్‌మెంట్ దొరకడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. ఈలోపు బస్తాలు వేసి కట్టుకుని, తక్కువ వాలున్న దారిలో తిరగండి. ఏప్రిల్ చివర్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీల ఫారన్‌హీట్ పైన నిలబడ్డాక వింటర్ టైర్లు విప్పేయండి, వేడి రోడ్డు మీద ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది. బస్తాలూ దించి, వాటి కింద చేరిన ఉప్పు నీళ్లు కడిగేయండి. అలాగే వదిలేస్తే బెడ్ అక్కడి నుంచే తుప్పు పడుతుంది.